ఏడాది పొడవునా వాడుకోగలిగే సన్‌రూమ్: పునాది నుంచి నీళ్ళ పరీక్ష దాకా

గాజు గోడలతో గది కట్టి అందంగా చూపించడం పెద్ద కష్టమేమీ కాదు. ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికీ, చలికాలం తెల్లవారుజామునా అదే గదిలో హాయిగా కూర్చోగలగడమే కష్టం. సన్‌రూమ్‌లు రెండు రకాలు. మొదటిది వరండా చుట్టూ గాజు బిగించినది. వాతావరణం బాగున్న నెలల్లో తప్ప అక్కరకు రాదు. రెండోది మిగతా గదుల్లాగే సొంత పునాది, ఇన్సులేషన్, ఏసీ లేదా హీటర్ ఉన్న అసలైన గది. గోడల్లో ఎక్కువ భాగం గాజు కావడమే తేడా. ఇక్కడ చెప్పేదంతా రెండో రకం గురించి. మొదటి రకానికి ఏసీ పెట్టిస్తే రెండో రకం అయిపోతుందనుకోవడం చాలా ఖరీదైన పొరపాటు. వేడి వచ్చే దారులు, పోయే దారులు అలాగే ఉంటాయి కాబట్టి కరెంటు బిల్లు పెరుగుతుంది, గది మాత్రం మారదు.

లెక్కల కోసం ఒకే గదిని దృష్టిలో పెట్టుకుందాం. పొడవు 4.8 మీటర్లు, ఇంటి గోడ నుంచి ముందుకు 3.6 మీటర్లు. పొడవాటి వైపు ఒకటి ఇంటికి ఆనుకుని ఉంటుంది, మిగతా మూడు వైపులూ బయటే.

ఏ వైపు కట్టాలి

ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు గది అన్నిటికన్నా మేలు (దక్షిణార్ధగోళంలో ఉత్తరం). అటువైపు మధ్యాహ్నపు ఎండ ఎండాకాలంలో నిటారుగా, చలికాలంలో ఏటవాలుగా పడుతుంది. కాబట్టి ఒక్క చూరుతోనే రెండు కాలాలనూ సంబాళించవచ్చు. లెక్క తేలికే. 90 లోంచి మీ ఊరి అక్షాంశం తీసేస్తే, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు డిగ్రీలలో వస్తుంది. దానికి 23.5 కలిపితే ఎండాకాలపు గరిష్ఠం, 23.5 తీసేస్తే చలికాలపు కనిష్ఠం. అక్షాంశం 35 అయితే 78.5, 31.5 డిగ్రీలు. చూరు 60 సెంటీమీటర్లు బయటికి ఉంటే, ఎండాకాలంలో దాని నీడ గాజు మీద దాదాపు 2.9 మీటర్ల కిందికి దిగుతుంది, అంటే గోడంతా నీడే. చలికాలంలో 37 సెంటీమీటర్లే దిగుతుంది, ఎండంతా లోపలికి వస్తుంది. ఎండాకాలపు లెక్క 90 దాటితే సూర్యుడు మీ నడినెత్తి దాటి అవతలి వైపు వెళ్తున్నాడని అర్థం. ఆ రోజుల్లో ఆ గోడకు మధ్యాహ్నపు నేరుటెండ తగలదు.

తూర్పు వైపు ఉదయపు ఎండ వస్తుంది, గది చల్లగా ఉన్న వేళ కాబట్టి ఇబ్బంది లేదు. ఉత్తరం వైపు వెలుతురు నిలకడగా ఉంటుంది, కానీ చలి ప్రాంతాల్లో ఎండ సాయం అందదు. పడమరతోనే చిక్కంతా. సాయంత్రపు ఎండ అడ్డంగా వచ్చి నేరుగా గాజును తాకుతుంది, చూరు ఎంత పొడుగున్నా ఆగదు. పడమర తప్పకపోతే అటువైపు గాజు తగ్గించండి, లేదా గాజుకు బయటి వైపు నిలువు పలకలో, దించే తెరలో పెట్టండి. లోపలి కర్టెన్ ఆపేది వెలుతురునే. వేడి అప్పటికే గాజు దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది.

గీత గీయక ముందు గోడ చూడండి

మీరు మూసేయబోతున్న ఇంటి గోడ మీద ఏమేం ఉన్నాయో రాసుకోండి. వంటగది ఎగ్జాస్ట్, బాత్రూమ్ వెంటిలేటర్, గీజర్ లేదా బాయిలర్ పొగగొట్టం, గ్యాస్ మీటర్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్: వీటిలో ఏ ఒక్కటీ సన్‌రూమ్‌లోకి తెరుచుకోకూడదు. పొగగొట్టం మూసిన గదిలోకి వదిలితే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణాలే పోతాయి. అన్నిటినీ ముందే జరిపించాలి, ఆ ఖర్చు అంచనాలో రాసుకోవాలి. ఆ గోడకున్న కిటికీల మీద వెనక గది గాలీ వెలుతురూ ఆధారపడి ఉంటే ఆ గదికి వేరే దారి చూడాలి. నేల కింద డ్రైనేజీ పైపులు, మ్యాన్‌హోల్, కేబుళ్ళు ఎక్కడున్నాయో తెలుసుకోండి. మ్యాన్‌హోల్ గదిలో పడుతుంటే దాన్ని బయటికి జరపడమే మంచిది.

తర్వాత ఎత్తు. కస్టమ్‌గా కట్టించుకోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంటుంది, రెడీమేడ్ కిట్లు తరచూ ఈ దగ్గరే అతకవు. బయటి అంచు దగ్గర ఎత్తు 2.4 మీటర్లనుకోండి. 3.6 మీటర్ల దూరానికి పైకప్పు వాలు 5 డిగ్రీలైతే ఇంటి గోడ దగ్గర 32 సెంటీమీటర్లు, 15 డిగ్రీలైతే 96 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. దానికి పైకప్పు మందం 20 సెంటీమీటర్లు, ఫ్లాషింగ్ (గోడకూ కప్పుకూ మధ్య నీళ్ళు దిగకుండా పెట్టే లోహపు రేకు) ఎక్కడానికి 15 సెంటీమీటర్లు కలపండి. 5 డిగ్రీలకు మొత్తం 3.07 మీటర్లు, 15 డిగ్రీలకు 3.7 మీటర్లు వస్తుంది. పై అంతస్తు కిటికీ గట్టు ఈ ఎత్తుకన్నా పైన ఉండాలి. వాలు ఎంతన్నది ఈ కొలతే తేలుస్తుంది.

అనుమతుల విషయానికొస్తే, ఇది ఇంటి విస్తీర్ణంలో కలిసే గది. సరిహద్దు నుంచి వదలాల్సిన దూరం, స్థలంలో కట్టగల వంతు, స్థానిక సంస్థ అనుమతి, అన్నీ వర్తిస్తాయి. ఇంటి గోడ పగలగొట్టి తలుపు వెడల్పు చేయాలంటే, అది బరువు మోసే గోడో కాదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి బీమ్ కొలత ఇవ్వాలి. మేస్త్రీ అంచనాకు వదిలేసే పని కాదది.

పునాది

ఉన్న పాత గచ్చు మీదే ఫ్రేమ్ నిలబెట్టమని చాలామంది అడుగుతారు. ఒప్పుకోవద్దు. బయటి గచ్చు కింద సాధారణంగా పునాది ఉండదు, తేమ ఆపే పొర ఉండదు, ఇన్సులేషన్ ఉండదు, పైగా నీళ్ళు పోవడానికి వాలుగా పోసి ఉంటారు. ఇంకో సంగతి: ఇల్లు కట్టినప్పుడు పునాది కోసం తవ్వి మళ్ళీ పూడ్చిన మట్టి గోడ పక్కనే ఉంటుంది. చూడటానికి గట్టిగా కనిపించినా బరువు పడితే కుంగుతుంది. కొత్త గది పునాది ఆ పూడిక దాటి, కదిలించని నేల దాకా దిగాలి. నేల గడ్డకట్టే చలి ప్రాంతాల్లో గడ్డకట్టే లోతుకన్నా కిందికి దిగాలి. అలాగని ఇంటి పాత పునాది అడుగుకన్నా లోతుగా, దాని పక్కనే, ఒకేసారి పొడుగ్గా తవ్వకండి. పాత పునాది కింద మట్టి జారిపోతుంది. అంత లోతు తప్పకపోతే మీటరు మీటరు చొప్పున తవ్వి, కాంక్రీట్ పోసి, అది గట్టిపడ్డాక పక్క భాగం తవ్వాలి.

మూలమట్టం చూడటానికి ఈ కొలతలు అనుకూలం. 3.6, 4.8 మీటర్ల భుజాలకు మూల నుంచి మూలకు సరిగ్గా 6 మీటర్లు రావాలి. రెండు కర్ణాల మధ్య 5 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే సరిచేశాకే కాంక్రీట్ పోయండి. ఇక్కడ పోయిన మూల తర్వాత ప్రతి గాజులోనూ బయటపడుతుంది.

గచ్చు కింది నుంచి పైకి ఈ వరుసలో రావాలి. దిమ్మిసా కొట్టిన నేల మీద 150 మి.మీ. కంకర, దాన్నీ రెండు వరుసలుగా దిమ్మిసా కొట్టాలి. ఈ గదికి నలిగాక 2.6 ఘనపు మీటర్లు కావాలి కాబట్టి 3.2 దాకా తెప్పించండి. కంకర మొనలు కనపడకుండా పలచగా ఇసుక. దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, అతుకుల దగ్గర 300 మి.మీ. ఒకదానిమీదొకటి ఎక్కించి టేపు వేసి, అంచులు గోడ వెంట పైకి మడవాలి. ఆ పైన 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక). 1.2 × 0.6 మీటర్ల బోర్డులైతే ఈ గదికి సరిగ్గా 24 పడతాయి, కోతల కోసం రెండు ఎక్కువ తీసుకోండి. గచ్చు అంచుల చుట్టూ కూడా 25 మి.మీ. బోర్డు నిలువుగా పెట్టాలి, చలి ఎక్కువగా వచ్చేది అంచు నుంచే. చివరగా మెష్ పరిచి 100 మి.మీ. కాంక్రీట్, సుమారు 1.75 ఘనపు మీటర్లు. కరెంటు పైపులు, మొక్కలుంటే నేల తూము, ఏసీ డ్రెయిన్ దారి అన్నీ పోయక ముందే పెట్టేయండి. కనీసం ఏడు రోజులు తడి ఆరనివ్వకండి. గది నేల బయటి నేలకన్నా కనీసం 150 మి.మీ. ఎత్తులో ఉండాలి, లేకపోతే పెద్ద వాన పడిన ప్రతిసారీ గుమ్మం దగ్గర నీళ్ళు చిందుతాయి.

కొత్త గచ్చుకూ పాత గోడకూ మధ్య 12 నుంచి 20 మి.మీ. సందు వదిలి, నొక్కుకునే ఫోమ్ పెట్టి పైన సీలెంట్ వేయాలి. ఇల్లు ఎప్పుడో కుంగి స్థిరపడింది, కొత్త పునాది ఇంకా స్థిరపడలేదు. రెండిటినీ బిగించి కలిపేస్తే మొదటి ఏడాదే పగులు వస్తుంది.

గాజు: అంకెలు అడిగి కొనండి

గాజు కొనేటప్పుడు రెండు అంకెలు అడగాలి. మొదటిది యూ-విలువ: లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందన్నది. ఒంటి గాజుకు సుమారు 5.7, రెండు గాజుల మధ్య గాలి ఖాళీ ఉన్న మామూలు డబుల్ గ్లేజింగ్‌కు 2.8, లో-ఈ పూత (వేడిని వెనక్కి తిప్పే కంటికి కనపడని పలచని పూత), ఆర్గాన్ వాయువు ఉన్నదానికి 1.1 నుంచి 1.4. రెండోది ఎస్‌హెచ్‌జీసీ: గాజు మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందన్నది. పూత లేని డబుల్ గ్లేజింగ్‌కు 0.7 ప్రాంతం, ఎండను ఆపే పూత ఉన్నదానికి 0.25 నుంచి 0.35.

ఈ అంకెలు గదిలో ఏం చేస్తాయో చూడండి. మన గదికి 17 చదరపు మీటర్ల గాజు ఉందనుకుందాం. చలిలో 20 డిగ్రీల తేడా ఉంటే ఒంటి గాజు గుండా దాదాపు 1,940 వాట్లు పోతాయి, 1.4 ఉన్న గాజు గుండా 476 వాట్లే. ఇక ఎండాకాలం సాయంత్రం, పడమర వైపు 8 చదరపు మీటర్ల గాజు మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోందనుకోండి. 0.7 గాజైతే 3,360 వాట్లు లోపలికి వస్తాయి. ఒక టన్ను ఏసీ తీయగలిగేది సుమారు 3,500 వాట్లు, అంటే ఒక టన్ను మొత్తం ఆ ఒక్క గోడకే ఖర్చు. 0.28 గాజైతే 1,344 వాట్లు.

వేడి ప్రాంతంలో ఎండను ఆపే పూత కావాలి, అది బయటి గాజుకు లోపలి ముఖం మీద ఉండాలి. బయటి నుంచి లెక్కపెడితే రెండో ముఖం. చలి ఎక్కువైన ప్రాంతంలో దక్షిణపు గాజుకు 0.5 పైన ఎస్‌హెచ్‌జీసీ ఉన్నది తీసుకుని చూరుతో ఎండాకాలాన్ని ఆపడం మంచిది. అక్కడ పూత మూడో ముఖం మీద, అంటే లోపలి గాజుకు బయటి ముఖం మీద వస్తుంది. గాజు తిరగేసి బిగిస్తే పూత తప్పు చోటికి వెళ్తుంది. అందుకే ప్రతి పలక మీద బయటి వైపు చూపే స్టిక్కర్ బిగింపు పూర్తయ్యేదాకా తీయనివ్వకండి.

గాజు మీద చెమట పట్టడం కూడా యూ-విలువ కథే. లోపల 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే 12 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా నీళ్ళు చేరతాయి. బయట 5 డిగ్రీలున్నప్పుడు ఒంటి గాజు లోపలి ముఖం 9 డిగ్రీల దగ్గర, 1.4 ఉన్న డబుల్ గాజు 17 డిగ్రీల పైన ఉంటుంది. మొక్కలు పెట్టుకునేవాళ్ళకు ఈ తేడా ఇంకా ముఖ్యం, ఎందుకంటే మట్టీ ఆకులూ రోజంతా తేమ వదులుతూనే ఉంటాయి.

తలుపులకూ, నేల దాకా దిగే పలకలకూ టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) లేదా లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన) గాజే వాడాలి. తలపైన గాజు ఉంటే లోపలి పలక లామినేటెడ్ కావాలి, పగిలినా ముక్కలు మధ్యపొరకు అంటుకుని ఉంటాయి. టఫెన్డ్ గాజును తయారయ్యాక కోయలేరు, కాబట్టి కొలత తప్పితే పలక వృథా. ఫ్రేమ్ నిలబెట్టాక ప్రతి గడినీ వెడల్పులో మూడు చోట్ల, ఎత్తులో మూడు చోట్ల కొలిచి, అన్నిట్లో చిన్న కొలత తీసుకుని, చుట్టూ 5 మి.మీ. సందు ఉండేలా 10 మి.మీ. తగ్గించి ఆర్డరివ్వండి. 6 మి.మీ. పలకలు రెండున్న యూనిట్ చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. 1.2 × 2.1 మీటర్ల పలకంటే 75 కిలోలు. ఇద్దరు మనుషులు చేతులతో ఎత్తేది కాదు, సక్షన్ కప్పులూ నలుగురు మనుషులూ కావాలి.

ఫ్రేమ్, బిగింపు

అల్యూమినియం సన్నగా, బలంగా ఉంటుంది, కానీ వేడిని అమాంతం దాటించేస్తుంది. లోపలి భాగానికీ బయటి భాగానికీ మధ్య పాలిఅమైడ్ పట్టీ ఉన్న థర్మల్ బ్రేక్ సెక్షన్ కాకపోతే మంచి గాజు పెట్టీ ఉపయోగం తక్కువ. కోసిన ముక్క చూపించమనండి, మధ్యలో నల్లటి పట్టీ కంటికి కనపడుతుంది. యూపీవీసీ వేడిని బాగా ఆపుతుంది, కానీ లోపల స్టీల్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లేకపోతే పెద్ద గడుల్లో వంగుతుంది. ఎండకు సాగడం కూడా దానికే ఎక్కువ. 40 డిగ్రీల మార్పుకు 4.8 మీటర్ల అల్యూమినియం 4 మి.మీ. పైన సాగితే, అదే పొడవు యూపీవీసీ 13 మి.మీ. దాకా సాగుతుంది. ఆ కదలికకు చోటు వదలకుండా ఫ్రేమ్‌ను గోడల మధ్య ఇరికిస్తే తలుపులు పట్టేస్తాయి, మూల అతుకులు విడిపోతాయి.

గాజు ఎప్పుడూ నేరుగా ఫ్రేమ్ మీద కూర్చోకూడదు. అడుగున, పొడవులో నాలుగో వంతు దగ్గర ఒకటీ మూడు వంతుల దగ్గర ఒకటీ, గట్టి రబ్బరు బ్లాకులు రెండు పెట్టి వాటి మీద కూర్చోబెట్టాలి. సీలెంట్‌గా న్యూట్రల్ సిలికాన్ వాడండి. పుల్లటి ఘాటు వాసన వచ్చే రకం డబుల్ గాజు అంచు సీలును, లామినేటెడ్ గాజు మధ్యపొరను తినేస్తుంది.

ఫ్రేమ్ అడుగున బయటికి చిన్న చిన్న సన్నటి రంధ్రాలుంటాయి. రబ్బరు దాటి కొంత నీరు లోపలికి రావడం సహజం, ఆ నీరు బయటికి పోయే దారి అవే. వానకు ఫ్రేమ్‌లోంచి నీళ్ళు కారుతున్నాయని ఎవరో ఆ రంధ్రాల్లోనే సిలికాన్ కొట్టేస్తారు. అక్కడి నుంచి నీళ్ళు ఫ్రేమ్‌లోనే నిలిచి, గాజు అంచు సీలు నానిపోయి, కొంతకాలానికి రెండు గాజుల మధ్య మసక కమ్ముతుంది. మసక వచ్చిన యూనిట్‌ను తుడిచి బాగుచేయలేం, మార్చాల్సిందే. రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో బిగించిన రోజే చూడండి.

పైకప్పు

పూర్తి గాజు పైకప్పు వద్దనే మా సలహా. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు 900 వాట్లు ఉన్నప్పుడు, ఎస్‌హెచ్‌జీసీ 0.3 ఉన్న మంచి గాజైనా 17 చదరపు మీటర్ల కప్పు గుండా 4,600 వాట్లు దించుతుంది. ఆ గదిని ఏసీతో గెలవడం కష్టం. ఇన్సులేషన్ ఉన్న గట్టి కప్పు వేసి, ఇంటి గోడకు దగ్గరగా తెరుచుకునే స్కైలైట్లు ఒకటో రెండో పెడితే వెనక గదికి వెలుతురు పోదు, పైకి చేరిన వేడిగాలికి దారి దొరుకుతుంది. కప్పులో 100 నుంచి 150 మి.మీ. పీఐఆర్ బోర్డు (ఇన్సులేషన్‌కు వాడే గట్టి ఫోమ్ పలక) పెట్టండి. తేమ ఆపే పొర ఎటు ఉండాలన్నది వాతావరణాన్ని బట్టి మారుతుంది. చలి ప్రాంతంలో ఇన్సులేషన్‌కు లోపలి వైపు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఏసీ నడిచే ఉక్క ప్రాంతంలో బయటి వైపు. తిరగేస్తే తేమ కప్పులోపల చిక్కుకుని చెక్క కుళ్ళుతుంది.

ఇంటి గోడకు కప్పును మోసే దుంగను ప్లాస్టర్ మీద కాక, ప్లాస్టర్ చెక్కేసి ఇటుక లేదా కాంక్రీట్‌కే పట్టించాలి. 12 మి.మీ. యాంకర్ బోల్టులు, సుమారు 400 మి.మీ. దూరంలో, ఒకటి పైకి ఒకటి కిందికి. బరువు ఎక్కువైతే ఇంజనీరు ఇచ్చిన లెక్కే పాటించండి. దాని పైన ఫ్లాషింగ్. గోడలో 25 మి.మీ. లోతు గాడి కోసి, లోహపు రేకును అందులోకి దూర్చి, కప్పు మీద నుంచి గోడ వెంట కనీసం 150 మి.మీ. ఎక్కిన కింది రేకు మీదుగా దించాలి. నీరు ఒక రేకు మీద నుంచి ఇంకో రేకు మీదికి జారిపోవాలి. గోడకూ కప్పుకూ మధ్య సిలికాన్ గీత గీసి సరిపెట్టిన చోట ఎండకు సిలికాన్ ఊడి, ఇంటి గోడలోకే నీళ్ళు దిగుతాయి. అప్పుడు పాడయ్యేది సన్‌రూమ్ ఒక్కటే కాదు.

చూరుతో కలిపి కప్పు 20 చదరపు మీటర్లనుకుంటే, గంటకు 100 మి.మీ. వానకు గంటకు 2,000 లీటర్లు. 75 మి.మీ. పైపు ఒకటి చాలు, కానీ ఆకులతో మూసుకుపోతుంది కాబట్టి రెండు చివరలా రెండు పెట్టడం మేలు. ఆ నీళ్ళు పునాది పక్కన వదలకండి.

గాలి, ఏసీ, కరెంటు

నేల విస్తీర్ణంలో కనీసం పదో వంతు తెరుచుకునేలా ఉంచండి, ఇక్కడ 1.7 చదరపు మీటర్లు. సగం కిందా సగం పైనా, ఎదురెదురుగా ఉంటే గాలి తానే కదులుతుంది. ఇంటి ఏసీ డక్టును ఈ గదిలోకి పొడిగించవద్దు. థర్మోస్టాట్ ఇంకో గదిలో ఉంటుంది, ఈ గది ఎండకు వేడెక్కే వేళలు వేరు. సొంత రిమోట్, సొంత సర్క్యూట్ ఉన్న ఇన్వర్టర్ స్ప్లిట్, వేడీ చల్లదనం రెండూ ఇచ్చేది, సరిపోతుంది. ఎన్ని టన్నులన్నది గది విస్తీర్ణం బట్టి కాక గాజు విస్తీర్ణం, దిక్కు, ఎస్‌హెచ్‌జీసీ బట్టి లెక్కవేయించండి. ఇంటికీ ఈ గదికీ మధ్య ఉన్న తలుపు తీసేయకండి. విపరీతమైన ఎండ, చలి రోజుల్లో అది మూసుకోగలగాలి.

నీళ్ళ పరీక్ష

లోపలి సీలింగ్, ప్లాస్టర్, పెయింటు వేయకముందే, ఇంటి గోడ తెరవకముందే నీళ్ళ పరీక్ష చేయండి. పైపుతో కింది ఫ్రేమ్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అతుకు దగ్గర పది నిమిషాలు నీళ్ళు పోస్తూ పైకి వెళ్ళాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారిందో తేలదు, నీళ్ళు కిందికి పాకి అన్ని అతుకులనూ తడిపేస్తాయి. లోపల ఒక మనిషి టార్చితో చూస్తూ, తడి కనపడిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాలి. చివరగా ఫ్లాషింగ్ మీద, స్కైలైట్ చుట్టూ పోయండి. కారిన చోట పైన సీలెంట్ పూయకుండా, రేకో రబ్బరో విప్పి కారణం చూసి మళ్ళీ బిగించి, ఆ అతుకు దగ్గర పరీక్ష మళ్ళీ చేయాలి. ఆఖరి బిల్లు చెల్లించేది ఆ రెండో పరీక్ష పొడిగా వచ్చాకే.